అత్తమ్మ ఆకువక్కల సంచి

ఎనిమిదేళ్లుగా నేనొక వాక్యాన్ని మోస్తున్నాను.

ఆరే మాటలు. నవలల్లో రెండేసి పేజీల వాక్యాలు రాసి, చివరికొచ్చేసరికి మొదట ఏమన్నానో నాకే గుర్తులేక వెనక్కి పరుగెత్తిన మనిషిని. ఆరు మాటలు నాకొక లెక్కా అనుకున్నాను. కానీ అవి మా ఊరి గిర్నీలో పిండి విసిరే రాయికన్నా బరువు. వాటిని ఎత్తుకునే పళ్లు తోముకున్నాను. ఎత్తుకునే ఆఫీసుకు పోయాను. ఎత్తుకునే నలభై సభల్లో శాలువాలు కప్పించుకున్నాను. కప్పిన పెద్దమనుషుల్లో ఒక్కరికైనా, ఈయన భుజం మీద ముందే ఏదో ఉందే, అనిపించలేదు.

ఇవాళ దించుతున్నాను. మీ ముందు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీరు పనికొస్తారు. నా పేరు చెప్పను. చెప్పకపోయినా పెద్దగా దాగేది లేదు. రామన్నపేట నుంచి ఆటోలో అరగంట పోతే వచ్చే మా ఊళ్లో నవలలు రాసేవాడు నేనొక్కణ్నే. మిగతావాళ్లంతా ఏదో ఒక పని చేసుకుంటారు.

ముందే ఒకమాట. నేను పెంచి చెప్పే రకం. చిన్నప్పుడు మా మేక రెండు పిల్లల్ని ఈనితే బడికి పోయి ఐదని చెప్పాను. సార్లు చూడటానికి వస్తే మూడు చచ్చిపోయాయని ఏడ్చాను కూడా. నా మొదటి నవలాప్రయత్నం అదేనని ఇప్పుడనిపిస్తుంది. కాబట్టి ఇందులో ఎక్కడైనా ఎక్కువ చేసినట్టనిపిస్తే మీరే సగానికి తగ్గించుకోండి. ఆ ఆరు మాటల దగ్గర మాత్రం తగ్గించకండి. అక్కడ ఒక్క అక్షరం కూడా పెంచలేదు.

నన్ను చీకటి నవలాకారుడంటారు. నిజానికి నేను నవ్వించడానికే పుట్టాను. నా మొదటి పుస్తకం హాస్యకథలు. దాన్ని చదివి నవ్వినవాళ్లలో ప్రెస్సులో అచ్చుతప్పులు చూసినాయన ఒకరు, ఆయన కూడా తప్పులకే నవ్వాడని తర్వాత తెలిసింది. నవ్వించేవాణ్ని ఎవరూ వేదిక మధ్య కుర్చీలో కూర్చోబెట్టరు. మైకు పనిచేయనప్పుడు, ముఖ్య అతిథి రావడం ఆలస్యమైనప్పుడు, కాసేపు మాట్లాడమంటారు. చావుల గురించి రాసేవాణ్ని చూస్తే మాత్రం లేచి నిలబడతారు. అది గమనించాను. గమనించి, రెండో పుస్తకంలో పద్నాలుగుమందిని చంపాను. మూడోదానికి వచ్చేసరికి ప్రచురణకర్త ఫోన్ చేసి, సార్, వచ్చే నవలకు ఎవరినైనా మిగిల్చారా, అని అడిగాడు.

ఇంత చీకటి మీకెక్కడినుంచి వచ్చింది అని అడిగినవాళ్లందరికీ నేను మంచు కురిసే దేశాల రచయితల పేర్లు చెప్పేవాణ్ని. చెప్పేముందు పైకప్పు వైపు కాసేపు చూసేవాణ్ని. ఆ చూపు అద్దం ముందు చాలా రోజులు నేర్చుకున్నాను. వాళ్ల పుస్తకాలు నా అల్మారలో ఉన్నాయి. కొత్తగానే ఉన్నాయి. ఒకటి రెండింటి పేజీలు ఇంకా ఒకదానికొకటి అతుక్కునే ఉన్నాయి.

నా మీద ప్రభావం చూపింది ఒకే ఒక్క మనిషి. ఆమెకు చదవడం రాదు, రాయడం రాదు. ఇప్పుడు డెబ్బై ఎనిమిదేళ్లుంటాయి. మా బాపుకు, అంటే నాన్నకు, అక్క. పేరు లచ్చమ్మ, నాకు అత్తమ్మ. ఆకువక్క నములుతుంది. ఊళ్లో ఎవరైనా చనిపోతే శోకం పెడుతుంది.

శోకం పెట్టడమంటే ఊరికే ఏడవడం అనుకునేరు. పీనుగు పక్కన కూర్చుని, తలవెంట్రుకలు విప్పుకుని, చనిపోయినవాళ్ల బతుకంతా రాగం మీద వాళ్లకే చెప్పాలి. ఏ ఏడు ఏ చేలో కూలికి పోయారో, ఎవరు అన్నం పెట్టారో, ఎవరు పెట్టలేదో, ఏం దాచుకుని బతికారో. చుట్టూ కూర్చున్న ఆడవాళ్లు ఆ రాగం అందుకుని ఏడుస్తారు. చాలామంది చేస్తారు, మా అత్తమ్మలా మాత్రం ఎవరూ చేయలేరు. ఆమె గొంతు విప్పితే గోడలకు చెమట పడుతుంది. ఒకసారి ఎదురింటి దూడ మేత మానేసింది. ఇందులో దూడను మీరు తగ్గించుకోవచ్చు, గోడల్ని వద్దు.

దీనికొక కట్టు ఉంది. పీనుగు ముందు అన్నమాట అక్కడితోనే అయిపోవాలి. కాటికి పోయివచ్చి స్నానాలు చేశాక దాన్ని మళ్లీ ఎవరూ ఎత్తరు. భర్తతో భార్య అనదు, తోడికోడలితో తోడికోడలు అనదు. ఎంత నోటిదురుసు మనుషులైనా సరే. అందుకే అక్కడ నిజం చెప్పడం కుదురుతుంది. నలభై ఏళ్లు నోట్లో దాచుకున్నది, వినవలసినవాళ్లు విన్నాక, నీళ్లతో పాటు పోతుంది. కోర్టు లేదు, పంచాయితీ లేదు. నేను రాసిన నవలలన్నీ కలిపినా ఇంత తెలివైన ఏర్పాటు ఒక్కటి లేదు.

నేను దాన్ని తెంపాను.

తెలంగాణ వచ్చిన రెండు మూడేళ్లకు సంగతి. అంతవరకు మా యాసను గుమ్మం బయట చెప్పులతోపాటు విడిచి సభలోకి వెళ్లేవాళ్లం. ఇప్పుడు దానికి వేదిక మీద కుర్చీ వేశారు. మట్టిభాషలో రాయండి, మన బాధ మన మాటల్లో రాయండి అంటున్నారు. రాద్దామనే ఉంది. కానీ నల్లగొండలో కిరాయి ఇంట్లో, ఫ్యాను కింద కూర్చుంటే మట్టి ఎక్కడినుంచి వస్తుంది? కిటికీ తెరిస్తే దుమ్ము వచ్చేది. అది వేరు.

ఆ రోజుల్లో మా ఊళ్లో ఎల్లమ్మ అనే పెద్దమనిషి చనిపోయింది. అత్తమ్మకు పడుచుతనం నుంచీ కూలికి తోడు. కబురందగానే అత్తమ్మను నా స్కూటరు మీద నేనే తీసుకుపోయాను. గుమ్మం ముందు దిగి, వెంట్రుకలు విప్పి, కొంగు నడుముకు చుట్టుకోవడానికి ఆమె చేతిలోని ఆకువక్కల సంచిని నాకిచ్చింది. ప్రతిసారీ ఇచ్చేది. జర పట్టు అల్లుడా, అనేది. నేను పట్టుకునేవాణ్ని.

ఆ రోజు పట్టుకున్నాను. నా ఫోన్‌లో రికార్డు నొక్కి, తమలపాకులకూ సున్నం డబ్బాకూ మధ్య పెట్టాను. సంచి తిరిగి ఆమెకిచ్చాను.

ముందే అనుకుని చేశానా, అప్పటికప్పుడు చేశానా? ఈ ప్రశ్న నన్ను నేను చాలాసార్లు అడిగాను. అప్పటికప్పుడే అని జవాబు చెప్పుకునేవాణ్ని. కానీ ఆ పొద్దున ఫోన్‌కు నిండా చార్జింగ్ పెట్టి, మోగకుండా చేసి మరీ బయలుదేరానని గుర్తొస్తుంది. అప్పటికప్పుడు చేసేవాడు అంత ముందుచూపుతో ఉండడు.

మగవాళ్లం బయట, మాటలు అందనంత దూరంలో ట్రాక్టరు దగ్గర నిలబడ్డాం. లోపల అత్తమ్మ, తనను దోచుకునేదాన్ని తన పక్కనే పెట్టుకుని, శోకం పెట్టింది.

ఎల్లమ్మకు చిన్నప్పుడే పోయిన కూతురు ఒకతె ఉండేది. వ్యవసాయ బావిలో పడింది. అన్న నర్సింహకు ఎనిమిదేళ్లప్పుడు, చెల్లె చేయి పట్టుకుని ఉండి విడిచిపెట్టాడని ఊరంతా అనుకున్నది. ఎల్లమ్మే అలా చెప్పింది. నర్సింహ యాభై దాటినా, గొర్లు కాచుకుంటూ పిల్లల్ని పెంచుకున్నా, పెళ్లిళ్లలో అతని చేతికి పసిపిల్లను ఎవరూ ఇచ్చేవాళ్లు కాదు. అదేం పట్టింపుగా కాదు. ఊరికే, ఇచ్చేవాళ్లు కాదు.

అత్తమ్మ ఆ రోజు ఎల్లమ్మతో అన్నది ఇది.

"తోడుదానా ఎల్లమ్మా, మూడు దినాలు తెల్లందాక నీళ్లు గడితివి, మూడు దినాలు పొద్దంత కలుపు దీస్తివి, చెట్టుకు ఒరిగితె కన్ను మూతవడ్డది. గా నిద్ర నీ తప్పు గాదమ్మా. పోరడు ఆ మూలకు మ్యాకకాడ ఉండె. మొగనికి భయపడి వాని పేరు జెప్తివి. పట్టగొలుసు చేతికొచ్చె, పిల్ల రాకపాయె. నేనొక్కదాన్నే జూసిన, నేనొక్కదాన్నే మోసిన. ఇగ దించు ఎల్లమ్మా. ఈడనే దించి, ఉత్తచేతుల పో."

రికార్డులో ఇక్కడ ఒక మగగొంతు వినిపిస్తుంది. మాట కాదు. గొర్రెపిల్ల తల్లి కనపడక చేసే చప్పుడులాంటిది. కొడుకు కాబట్టి నర్సింహ లోపలే ఉన్నాడు.

అది అక్కడితో అయిపోవాలి. స్నానాలయ్యాయి. నర్సింహ ఆ మాట ఎవరితోనూ ఎత్తలేదు. ఊరు కూడా ఎత్తలేదు. కానీ నెల తిరక్కముందే, ఒక బారసాలలో ఎవరో పిల్లను అతని ఒళ్లో పెట్టారట.

నేను నల్లగొండ పోయి తలుపేసుకుని ఆ గొంతును రాసుకున్నాను. నా ఒళ్లు జలదరించింది. అది కళ పట్ల భక్తి అనుకున్నాను. కొంత భయం కూడా అయివుంటుంది. నవల రాశాను. గుర్తుపట్టకుండా కథను అమ్రాబాద్ అడవికి తరలించాను. బావిని లోయ చేశాను. ఒక చిరుతపులిని కూడా పెట్టాను. అది మూడు పేజీలు తిరిగి, ఎవరినీ ఏమీ అనకుండా వెళ్లిపోయింది. విమర్శకులు దాన్ని కాలానికి ప్రతీక అన్నారు. నేనేమీ అనలేదు.

అన్నీ మార్చాను గానీ శోకాన్ని మార్చలేదు. మార్చడానికి ప్రయత్నించాను, దేవుడిమీద ఒట్టు. ఒక మాట తీస్తే మిగతా మాటలన్నీ నన్ను చూసి నవ్వేవి. ఉన్నదున్నట్టు దింపేశాను. పిల్ల కాలి పట్టగొలుసుతో సహా. నవల మొత్తంలో బతికున్న పేజీలు ఆ నాలుగే. అందరూ మెచ్చుకున్నవీ ఆ నాలుగే.

నల్లగొండలో సన్మానం చేశారు. పోచంపల్లి శాలువా కప్పారు. ఒక పుట చదవమన్నారు. చదివితే బాగుండేది. నేను పాడాను. అత్తమ్మ రాగంలో, అత్తమ్మ దమ్ములో, అచ్చం ఆమెలాగే తల ఊపుతూ. హాలంతా కళ్లు తుడుచుకుంది. ఎవరో వీడియో తీశారు. మరునాటికి అది మా ఊరి వాట్సాప్ గ్రూపులో ఉంది, శుభోదయం పువ్వులకూ తప్పిపోయిన బర్రె ఫొటోకూ మధ్యన. సభలో చప్పట్లు కొట్టిన చోట ఊరు ఊపిరి బిగపట్టింది. బర్రె గురించి కూడా ఎవరూ అడగలేదట.

నాకా సంగతి తెలియదు. శాలువా చూపిద్దామని ఆ ఆదివారం అత్తమ్మ ఇంటికి పోయాను. చూపించాను కూడా. ఆమె దాన్ని మెత్తగుందని చెంపకు ఆనించుకుంది. అప్పుడు నర్సింహ వచ్చాడు. అరుగు ఎక్కలేదు. వాకిట్లోనే నిలబడ్డాడు, చేతిలో గొర్లు తోలే కట్టెతో. నావైపు చూడలేదు. అత్తమ్మనే అడిగాడు.

"చిన్నమ్మా. మా అమ్మ ముచ్చట ఈనకెట్ల ఎరుకైంది?"

"ఏ ముచ్చట బిడ్డా?"

"బాయి ముచ్చట. పట్టగొలుసు ముచ్చట. నీ రాగం దీసి పట్నంల పాడిండు. ఫోన్ల జూసిన."

అత్తమ్మ శాలువాను ఒళ్లోంచి తీసి పక్కన పెట్టింది. "నేను జెప్పలే బిడ్డా. పీనుగు ముంగటి మాట బైట జెప్తనా?"

"మరి గోడలు జెప్పినయా? ఈన లోపట లేకుండె. ట్రాక్టరుకాడ నిలవడ్డడు, నేనే జూసిన. లోపట ఉన్నోళ్లల్ల గీ రాగం నీదొక్కదానిదే."

"నర్సింహా. నీ మీది మన్ను తియ్యనీకనే గా మాట అన్న గదరా. మళ్ల నేనే పోతనా బజార్ల?"

"నా మీది మన్ను పోయిందని సంబురపడాల్నా చిన్నమ్మా? ఇప్పుడు మా అమ్మ మీద వడ్డది. పండుకోని పిల్లను సంపుకున్నదని పొద్దుగాల గా హోటల్‌కాడ అంటుండ్రు. సచ్చినామె వచ్చి జవాబు జెప్తదా?"

అప్పుడు అత్తమ్మ నావైపు తిరిగింది. భయపడలేదు. నిజం ఎక్కడుందో తెలిసిన మనిషి ఎవరినైనా నమ్మి తిరుగుతుందే, అలా తిరిగింది.

"నువ్వన్న జెప్పు అల్లుడా. నేను జెప్పిన్నా నీకు?"

చెప్పవలసింది ఒక్క మాట. లేదు. అంతే. ఆ ఒక్క మాట చెబితే, మరి ఎట్ల తెలిసింది, అని నర్సింహ అడుగుతాడు. సంచి బయటికి వస్తుంది. ఫోన్ వస్తుంది. శాలువా పోతుంది. ఇదంతా రెప్పపాటులో లెక్కకట్టానని చెప్పను. నేనంత తెలివైనవాణ్ని కాదు. నోరు తనంతట తానే తెరుచుకుంది. పెంచి చెప్పే నోరు ఆ రోజు ఎంత కుదించి చెప్పిందో చూడండి.

"అన్నీ యాదికుంటయా అత్తమ్మా, ఎప్పుడన్న మాటల్ల అన్నవేమో."

ఇదే. ఆ ఆరు మాటలు ఇవే. అబద్ధం కూడా కాదు చూశారా? 'ఏమో' ఉంది చివర. నేను రాసిన వాక్యాలన్నిటిలో ఇంత పకడ్బందీ వాక్యం ఇంకొకటి లేదు. దీనికి మాత్రం ఎవరూ శాలువా కప్పలేదు.

నర్సింహ తల ఊపి, కట్టె చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. అత్తమ్మ నావైపే చూస్తూ ఉండిపోయింది. కోపం చూశానా అని తర్వాత ఎన్నోసార్లు వెతుక్కున్నాను. ఉంటే ఎంత బాగుండేది. లేదు. ఆమె ఏదో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తున్నది.

అది అప్పుడు అర్థం కాలేదు. గండం గడిచిందనుకుని ఆమె పెట్టిన చాయ్ తాగాను. రెండోసారి కూడా పోయించుకున్నాను.

ఆ తర్వాత ఊళ్లో చావులు ఆగలేదు. అత్తమ్మకు కబురు మాత్రం రాలేదు. ఆమె వంతు పక్కూరి నుంచి వచ్చిన ఇంకొకామె చేసింది, సినిమా పాటలా ఏడ్చిందని చెప్పుకున్నారు. మూడేళ్లకు మా బాపు పోయాడు. సొంత తమ్ముడు. ఎత్తుకుని పెంచిన తమ్ముడు. ఆ రోజు ఆమెను ఎవరూ పిలవనక్కర్లేదు. వచ్చి బాపు తల దగ్గర కూర్చుంది. అందరూ ఆమె గొంతు కోసం ఎదురుచూశారు. నేనూ చూశాను, ఈసారి నిజంగా, ఏ ఫోనూ లేకుండా. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. లేపేదాకా అలాగే ఉంది. వెంట్రుకలు కూడా విప్పలేదు.

మా బాపు శోకం లేకుండా పోయాడు. వందలమందిని సాగనంపిన గొంతు ఇంట్లోనే ఉండగా.

మూడోరోజు కాటి దగ్గర పిట్టకు ముద్ద పెట్టివచ్చాక ఆమెనడిగాను, ఎందుకట్ల చేశావని. మెల్లగా చెప్పింది.

"నా నోటి మీద నాకు నమ్మకం లేదు అల్లుడా. ఎల్లమ్మ ముచ్చట నీకు జెప్పిన్నంట గని, ఎన్నడు జెప్పిన్నో ఎంత యాది జేసుకున్నా యాదికొస్తలేదు. ఇంకేమేం జారినయో. తమ్ముని ముంగట ఏమన్న జారితె ఎట్ల?"

అప్పుడు తెలిసింది నాకు, నేనేం చేశానో. ఆమె పేరు ఒక్కటే కాదు, ఆమె బుద్ధి మీద ఆమెకున్న నమ్మకం కూడా తీసేశాను. ఎల్లమ్మ భయపడి కొడుకు మీద వేసింది. నేను భయపడి అత్తమ్మ మీద వేశాను. తేడా ఒకటే. ఎల్లమ్మ మూడు రోజులు తెల్లవార్లూ నీళ్లు కట్టింది. నేను ఫ్యాను కింద కూర్చున్నాను.

మరి అప్పుడైనా ఎందుకు చెప్పలేదు? ఐదేళ్లు ఎందుకు పట్టింది? ఏవో చెప్పుకున్నాను. దినాలు అయిపోనీ, అన్నాను. ఈ నవల అయిపోనీ, అన్నాను. ముసలామె మర్చిపోతుందిలే, అని కూడా అనుకున్నాను. మర్చిపోతున్నాననే కదా ఆమె బాధ. నేను ఆమెను బాధపెట్టిందే దాంతో కదా. ఇంత తెలివితక్కువ విలన్‌ను నా నవలల్లో పెడితే నేనే కొట్టేసేవాణ్ని, నమ్మేట్టుగా లేడని.

పోయిన నెల ఆమె ఫోన్ చేయించింది. "జర నన్ను దవాఖానకు తోల్కపో అల్లుడా. తలకాయ జూపిచ్చుకుంట," అన్నది. నల్లగొండ తీసుకుపోయాను. అక్కడ డాక్టరమ్మ చిన్నవయసు మనిషి, ఓపిక గలది. ఇవాళ ఏ వారం, మీ ఊరి సర్పంచ్ ఎవరు, ఇవి అడిగింది. అత్తమ్మ సర్పంచ్ పేరుతో ఆపలేదు. ముందటి నలుగురి పేర్లు, ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎవరి తల్లి ఏ నెలలో పోయిందో, ఆ రోజు వాన పడిందో లేదో అన్నీ చెప్పింది. చివరికి డాక్టరమ్మ పెన్ను మూసి, అవ్వా, నీ యాది నాకిస్తవా, పరీక్షలున్నయి, అన్నది.

అత్తమ్మ నవ్వలేదు. "మరి గా ఒక్క ముచ్చట ఎట్ల జారింది డాక్టరమ్మా?" అని అడిగింది.

డాక్టరమ్మకు అర్థం కాలేదు. నావైపు చూసింది. ఆ గదిలో జవాబు తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. గోడ మీద మెదడు బొమ్మ ఉంది. దానివైపు చూశాను. పైకప్పు వైపు చూడటం ఆ పూట గుర్తుకే రాలేదు.

బయటికి తీసుకొచ్చి, మందుల దుకాణం పక్కన సిమెంటు దిమ్మె మీద కూర్చోబెట్టి చెప్పాను. సంచి సంగతి, ఫోన్ సంగతి, ఆ ఆరు మాటల సంగతి. గొప్పగా చెప్పలేదు. మధ్యలో ఆటోవాడు వచ్చి ఎక్కడికని అడిగాడు, వాడికి జవాబిచ్చి మళ్లీ చెప్పాను. ఆమె నమ్మలేదు. నన్ను బాగుచెయ్యనీకి కతలు జెప్తున్నవు, అన్నది. పెంచి చెప్పేవాడి బతుకు చూశారా, ఒక్క నిజం చెబితే సాక్ష్యం చూపించుకోవాలి. అప్పుడు ఫోన్ తీశాను. ఎనిమిదేళ్లలో నాలుగు ఫోన్లు మారాయి గానీ, ఆ గొంతు ఒకదాన్నుంచి ఒకదాంట్లోకి నాతోనే వచ్చింది. చెరపలేకపోయాను.

ఆమె ఫోన్‌ను రెండు చేతుల్లో, అప్పుడే గుడ్డులోంచి వచ్చిన కోడిపిల్లలా పట్టుకుని, చెవికి ఆనించుకుంది. తన గొంతు తాను వినడం అదే మొదటిసారి. మొత్తం విన్నది. నర్సింహ ఏడుపు దగ్గర కళ్లు మూసుకుంది. అయ్యాక ఫోన్ నా చేతిలో పెట్టింది.

"నడుమ ఒక్కకాడ దమ్ము తెగింది," అన్నది ముందు. తర్వాత, "అంటె నా తలకాయ మంచిగనే ఉన్నదన్నట్టు."

"మంచిగుంది అత్తమ్మా."

"నీదే మంచిగ లేదు."

"లేదు."

ఆమె లేచి కొంగు సర్దుకుంది. ఆ నడకను నేను ఎనిమిదేళ్లుగా చూడలేదు. బజారు తనదే అన్నట్టు నడిచేది పూర్వం. అలా నడిచి ఆటో ఎక్కింది. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. అడిగితే ఇచ్చేస్తుందేమోనని భయమేసింది. ఇంటి ముందు దిగాక ఒక్కటే అన్నది. "నాకు జెప్పుడు అయిపాయె. నర్సింహకు జెప్పు. నువ్వు నాకన్న ముందుగాల పోతే మాత్రం అల్లుడా, నీ ముంగట కూసోని మొత్తం జెప్త. సంచితో సుత."

నర్సింహ గొర్ల దొడ్డి దగ్గర ఉన్నాడు. నిలబడే చెప్పాను. అతను గొర్రె కాలికి దిగిన ముల్లు తీస్తున్నాడు, తీస్తూనే విన్నాడు. ముల్లు తీసి, చూసి, పారేశాడు. నన్ను కొడతాడనుకున్నాను. తిడతాడనుకున్నాను. కొంచెం ఆశపడ్డాను కూడా. అతను చేతులు కడుక్కుని, చెప్పులు వేసుకుని, నన్ను దాటుకుని అత్తమ్మ ఇంటివైపు నడిచాడు. కూర్చోమనలేదు, పొమ్మనలేదు. నేను ఆ గొర్లమధ్య కాసేపు నిలబడ్డాను. ఒకటి వచ్చి నా ప్యాంటు నమిలి చూసి, రుచి నచ్చక పోయింది.

ఆ రోజే ఊరి గ్రూపులో కూడా పెట్టాను. ఎల్లమ్మ గురించి అన్నవాళ్లు నన్ననవచ్చని రాశాను. మూడు బొటనవేళ్లు వచ్చాయి. ఒకతను నమస్కారం పెట్టాడు, దేనికో తెలియదు. ఎల్లమ్మ పేరు దీంతో బాగుపడిందని నేను అనుకోవడం లేదు. అచ్చయిన పుస్తకాన్ని వెనక్కి పిలవలేను. తర్వాతి ముద్రణలో ఆ నాలుగు పేజీలు తీసేయమని ప్రచురణకర్తకు రాశాను. అవి తీస్తే ఇంకేముంది సార్, అన్నాడు. చిరుతపులి ఉంది కదా, అన్నాను.

పోయిన మంగళవారం మా ఊరి దర్జీ రాములు చనిపోయాడు. అత్తమ్మకు కబురొచ్చింది. తెచ్చింది నర్సింహే. నేను ఊళ్లోనే ఉన్నాను కాబట్టి ఆమెను స్కూటరు మీద తీసుకుపోయాను. గుమ్మం ముందు దిగింది. వెంట్రుకలు విప్పింది. కొంగు నడుముకు చుట్టుకోవడానికి చేతులు ఖాళీ చేసుకోవాలి. అలవాటుకొద్దీ నా చేయి చాపాను.

ఆమె చూసింది. సంచి నర్సింహకిచ్చింది.

సరే అనుకున్నాను. చేయి వెనక్కి తీసుకున్నాను. మీకు నవ్వొస్తుందేమో గానీ, ఎనిమిదేళ్లలో మొదటిసారి నా భుజాల మీద నా చొక్కా తప్ప ఇంకేమీ లేనట్టనిపించింది. ఫోన్ ఇంట్లో వదిలేసి వచ్చాను. ఈసారి మగవాళ్లతో గుమ్మం పక్కనే నిలబడ్డాను. లోపలినుంచి ఆ గొంతు వచ్చింది, మునుపటికన్నా కొంచెం బొంగురుగా, ఎక్కడా తడుముకోకుండా. రాములు గురించి ఆమె ఏమన్నదో నేను విన్నాను. అంతా విన్నాను. అందులో ఒక మాట ఉంది, దానిచుట్టూ నవల కాదు, మూడు నవలలు కట్టొచ్చు. చేయి దురదపెట్టింది, నిజం చెప్పాలి కదా.

కాటికి పోయి వచ్చాం. అందరితోపాటు నేనూ స్నానం చేశాను. నీళ్లతో పోవలసినవి పోనిచ్చాను. నావి మాత్రం ఇక్కడ రాశాను.